ఇంకెవలున్నరు?

జులై 3, 2023

ఫారం పంపేశాను. మధ్యాహ్నం భోజనాల బెల్లు కొట్టాక, స్టాఫ్ రూంలో ఎవరూ లేనప్పుడు. పంపగానే చేతులు కడుక్కోవాలనిపించింది. సుద్దముక్కల దుమ్ము వల్లే అయ్యుంటుంది.

తెలుగులోనే ప్రోగ్రాం రాసుకునే భాష ఒకటి తయారు చేశాను అని రాశాను. ముందు "చేశాము" అని రాసి, దిద్ది, "చేశాను" అన్నాను. ఫారంలో పేరుకు ఒకటే గడి ఉంది మరి. ఎంపికైతే బెంగళూరులో మూడు నెలలు కూర్చోబెట్టి, దాన్ని ఏ బడిలోనైనా చెప్పుకోగలిగేలా తీర్చిదిద్దిస్తారట. నలుగురినే తీసుకుంటారు. నాకు రాదు. వస్తే అప్పుడు ఫైసల్‌కు చెప్తాను. రాకపోతే చెప్పడానికేముంది?

జులై 6

బడి కాగానే ఫైసల్ దుకాణానికి వెళ్లాను. కొల్లాపూర్ బస్టాండ్ పక్కన, జిరాక్స్ మిషన్‌కూ గోడకూ మధ్య రెండు కుర్చీలు పట్టే జాగా అది. మహబూబ్‌నగర్ పాలిటెక్నిక్‌లో మాది ఒకే బ్యాచ్. నేను ఆ తర్వాత బీఎస్సీ, బీఈడీ అంటూ తిరిగి లెక్కల టీచర్‌నయ్యాను. అతను కంప్యూటర్లు బాగుచేస్తూ ఇక్కడే స్థిరపడ్డాడు. మా భాషలో మాటలు నావి. ఆ మాటలు మిషన్‌కు అర్థమయ్యేలా చేసే లోపలి పనంతా అతనిది. ఏడాదిన్నరగా ఇదే పంపకం. లోపల ఏం రాశాడో నేను ఒక్కసారీ తెరిచి చూడలేదు.

ఇవాళ్టి గొడవ "మళ్లీ" మీద. ఒక పనిని పదే పదే చేయమని మిషన్‌కు చెప్పే మాట అది. పోయిన వారం తొమ్మిదో తరగతి అమ్మాయిల చేత రాయించాను. ముప్పై ఎనిమిది మందిలో పదకొండు మంది "మళ్లీ" అన్నారు. తొమ్మిది మంది "మళ్ళీ" అన్నారు. మిగిలినవాళ్లు మల్లి, మల్లా, మల్ల. మిషన్ ఆ పదకొండు మందికే పలికింది, మిగతా అందరికీ ఎర్ర అక్షరాల్లో "తప్పు" అని చూపించింది.

"కింద ళ పెట్టినా, ల పెట్టినా రెండూ పుస్తకాలల్ల ఉన్నయే గదా. మరి తప్పెట్లయితది?" అన్నాడు ఫైసల్.

"ఒక పనికి ఒకటే మాట ఉండాలె. లేకుంటే ఒకరు రాసింది ఇంకొకరు ఎట్ల చదువుతరు?"

"చదువుడు తర్వాత, మేడం. ముందు రాయనియ్యవా?"

"మల్ల ఎవలన్న 'మల్ల' అని రాస్తే కూడ ఊకోవాల్నా?"

"నువ్విప్పుడు అన్నదేంది?"

నవ్వాపుకోవాలని చూశాను, కుదరలేదు. అయినా ఒప్పుకోలేదు. ఇంతకుముందు తెర మీద చూపించే పనికి "చెప్పు" పెడదామంటే నేనే వద్దన్నాను, తరగతి మొత్తం కాళ్ల వైపు చూస్తుందని. "రాయి" అంటే అతను వద్దన్నాడు, చెప్పు కాకపోతే రాయి విసురుతామా అని. చివరికి "చూపు" దగ్గర రాజీ పడ్డాం. ఆ రాజీకి పదహారు రోజులు పట్టింది. "మళ్లీ" కి ఎన్నాళ్లు పడుతుందో.

జులై 7

అతను ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు.

జులై 12

ఒక సంగతి తడుతోంది, రాసి పెట్టుకోవాలి. ఇంగ్లీషు భాషల్లో షరతు మాట ముందొస్తుంది. మనకు చివర వస్తుంది. "వాన పడితే గొడుగు తీసుకో" అంటాం గానీ "అయితే వాన" అని ఎవరూ మొదలుపెట్టరు. మొదట్లో నేను ఇంగ్లీషు వరస అలాగే ఉంచి మాటలు మాత్రం మార్చాను. అమ్మాయిలు చదువుతుంటే పంటి కింద రాయి పడ్డట్టు తడబడ్డారు. ఫైసల్ మొత్తం విప్పి, వరస తిరగేసి, మాట చివర్లో వచ్చినా మిషన్ ఆగి వినేలా మళ్లీ కట్టాడు. ఆ పనికి నాలుగు నెలలు పట్టింది.

ఫారంలో ఈ సంగతిని రెండో పేరాలో బాగా రాశాను. చదివినవాళ్లకు నచ్చుతుంది. ఆలోచన నాదే కదా. కట్టింది అతను. ఆలోచన నాదే.

జులై 19

పదిమందిని వీడియోలో మాట్లాడటానికి పిలిచారు. అందులో నేనున్నాను! ఆగస్టు నాలుగున. ఒక చిన్న ప్రోగ్రాం నడిపి చూపించాలట. "మీ ఊరి బతుకులోంచి ఏదైనా" అని రాశారు.

తరగతిలో వర్గమూలాలు చెబుతూ నాలో నేనే నవ్వుకున్నాను. ముందు వరసలో మనస్విని "ఏమైంది మేడం?" అంది. ఏం లేదన్నాను.

ఏమీ లేకపోవడం కాదు. మూడేళ్ల కింద నేను ఎండాకాలం సెలవులన్నీ పెట్టి లెక్కల అభ్యాసాల పుస్తకం రాసిస్తే, అట్ట మీద ఐదు పేర్లు వచ్చాయి, నా పేరు రాలేదు. అడిగితే అచ్చుకు వెళ్లిపోయింది, మరోసారి చూద్దాం అన్నారు. ఆ పుస్తకం నేనే తరగతిలో పంచాను. ఆ రోజు ఎంత ఏడ్చానో నన్ను కన్న అవ్వకు తెలుసు. అందుకే ఈసారి నా పేరు రావాలి. ఇందులో తప్పేముంది? పైగా ఒకటే గడి.

ఫైసల్‌కు రేపు చెప్తాను.

జులై 20

చెప్పలేదు. దుకాణంలో జనం ఉన్నారు.

జులై 23, ఆదివారం

ఇవాళ్టి సంగతి వివరంగా రాయాలి, లేకపోతే రేపటికల్లా నాకు అనుకూలంగా మార్చుకుంటాను.

వీడియోలో చూపించడానికి మా గొర్లమందనే ఎంచుకున్నాను. పొద్దూకే వేళ బాపు మందను తోలుకొస్తాడు. దొడ్డి తడిక కొంచెమే తీస్తే ఒక్కొక్కటి లోపలికి పోతుంది. ఒక్కోదానికి ఒకసారి బటన్ నొక్కితే ప్రోగ్రాం ఒకటి కలుపుకుంటుంది. పొద్దున మంద బయల్దేరినప్పుడు నేను ఎంచి పెట్టుకున్న అరవై రెండు అయ్యేదాకా మళ్లీ, మళ్లీ. అరవై రెండు కాగానే "మంద నిండింది" అని తెర మీద చూపిస్తుంది. ముచ్చటగా ఉంది కదా.

లాప్‌టాప్ బ్యాటరీ నిలవడం లేదని ఫైసల్‌ను రమ్మన్నాను. ఇదంతా అమ్మాయిల క్లాసు కోసం అని చెప్పాను. ఎప్పటికైనా అమ్మాయిలకు చూపించేదే కాబట్టి అబద్ధమేం కాదు.

తడిక దగ్గర స్టూలు వేసుకుని కూర్చోగానే అవ్వ చీపురు పట్టుకుని వచ్చింది.

"ఏం జేస్తున్నవే?"

"జీవాలను లెక్కవెడ్తున్న అవ్వా. వీడియో కోసం."

"మనింట్ల జీవాలను ఏలు వెట్టి లెక్కవెడ్తరా? నీకు బుద్ధుందా?"

"ఏలు వెడ్తలేనవ్వా, బటన్ నొక్కుతున్న."

"అది ఏలుతోనే గదా నొక్కేది!"

ఫైసల్ తల దించుకుని బ్యాటరీ వైపు చూశాడు. నవ్వుతున్నాడని భుజాలను బట్టి తెలిసింది. మా ఇంట్లో మందను లెక్కపెట్టరు. లెక్కపెడితే తరుగుతుందని అవ్వ నమ్మకం. ఈ ఇంట్లో పుట్టిన నేను దాన్ని మరిచాను. గొర్లు కొనే ఇంట్లో పుట్టిన ఫైసల్‌కు గుర్తుంది. వాళ్ల నాన్న ఆజం సాబ్ మా ఊరికి వచ్చినప్పుడు అవ్వ ముందర వేళ్లు ముడిచి కూడా లెక్క చూపించేవాడు కాదట.

అవ్వ తిడుతూనే ఉంది, నేను నొక్కుతూనే ఉన్నాను. అరవై, అరవై ఒకటి, అరవై రెండు. "మంద నిండింది" అని తెర మీద వచ్చింది. ఫైసల్‌కు చూపించి మురిశాను.

"నిండలే," అంది అవ్వ.

"నిండిందవ్వా. కరెక్టు లెక్క."

"నిండలే అంటున్న గదనే."

అవ్వ పోయి గొర్రెపిల్లల మీద బోర్లించిన గంప ఎత్తింది. పొద్దంతా ఇంటి దగ్గరే ఉండే చిన్న పిల్లలన్నీ ఒక్కసారిగా దొడ్డిలోకి ఉరికాయి. ఏ పిల్ల తల్లి దగ్గరికి అది పోయింది. కాసేపు గోల గోల. గోల నెమ్మదిగా తగ్గింది. చివరికి ఒక్క పిల్ల మాత్రం, తెల్ల నుదుటిది, మందంతా తిరుగుతూ అరుస్తూనే ఉంది.

"మచ్చల్ది రాలే," అంది అవ్వ. "గా మూలకున్నది మనది గాదు, బిక్షమ్మోళ్లది."

బాపు టార్చీ కూడా లేకుండా ఆ వెలుగులోనే పరుగెత్తాడు. మా మచ్చల గొర్రె బిక్షమ్మ వాళ్ల దొడ్డిలో ఉంది. నీళ్ల కాడ రెండు మందలు కలిసినప్పుడు ఒకటి అటు పోయి, ఒకటి ఇటు వచ్చిందన్నమాట. అరవై రెండుకు అరవై రెండు ఉన్నాయి. మిషన్ తప్పు చేయలేదు, నేనూ తప్పు నొక్కలేదు. కానీ మంద నిండలేదు.

ఫైసల్ మట్టిలోనే కూర్చుండిపోయాడు.

"అవ్వా, నువ్వు ఎట్ల తెలుసుకుంటవ్, జర నాకు చెప్పు."

"ఏముంది నాయినా. ఇంకెవలున్నరు, ఇంకెవలున్నరు అని అడుగుకుంట ఉంట. పిల్ల అరిస్తే ఇంకెవలో ఉన్నట్టు. అరుపు బందయితే ఇంకెవలు లేనట్టు. అప్పుడు తడికేస్త."

ఫైసల్ ఫోన్ తీసి గబగబా రాసుకున్నాడు. ఇరవై తొమ్మిదేళ్లుగా ఈ ఇంట్లో ఉన్నాను, అవ్వను ఈ మాట నేనెప్పుడూ అడగలేదు. ఆ క్షణాన ఫైసల్ మీద కుళ్లు పుట్టింది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

జులై 26

ఫైసల్ పెన్‌డ్రైవ్‌లో మా భాషను కొత్తగా సవరించి పంపాడు. ఇప్పుడు లెక్క చెప్పకుండానే పని తిప్పవచ్చు. "ఇంకా ఉంటే" అని రాస్తే చాలు. ఎన్ని ఉన్నాయో మిషన్‌కు ముందే తెలియనక్కర్లేదు, జత దొరకనిది ఒక్కటి మిగిలినా ఆగదు. అమ్మాయిల చేత నడిపించాను. మనస్విని హాస్టల్ చెప్పుల జతలు సరిచూసే ప్రోగ్రాం రాసింది. ఫైసల్ వాళ్లమ్మ లాడ్లీ బేగం చాచీ చేసిన తీపి, ఖుబానీ కా మీఠా డబ్బా కూడా పెన్‌డ్రైవ్‌తో పాటు వచ్చింది.

"మళ్లీ" గొడవ ఇంకా తెగలేదు. ఫైసల్ ఏదో ఆలోచిస్తున్నాడట.

ఆగస్టు 4

వీడియో అయిపోయింది. ముగ్గురు అడిగారు. మంద కథంతా చెప్పాను. వాళ్లు కుర్చీల్లో ముందుకు జరిగి విన్నారు. అందులో పెద్దావిడ, "లెక్క కాదు, మిగిలినవాళ్లెవరని అడగడం. చాలా బాగుంది. ఈ ఆలోచన మీదేనా?" అంది.

"మా ఇంటిది" అన్నాను.

తెలివిగా చెప్పాననుకున్నాను. సాయంత్రం దాకా అదే అనుకున్నాను.

ఆగస్టు 11

వచ్చింది. నలుగురిలో నేను. నా పేరు. స్నేహలత, కొల్లాపూర్.

సంతోషంగా ఉంది. చాలా సంతోషంగా ఉంది. అవ్వకు చెప్పాను, బాపుకు చెప్పాను. అవ్వ "ఫైసల్ గూడ వోతడా?" అంది. కూర మాడుతోందని వంటింట్లోకి వెళ్లాను. పొయ్యి మీద కూర లేదు.

ఆగస్టు 12

ప్రోగ్రాం లోపలి రాత మొత్తం సోమవారం లోగా పంపమన్నారు. ఏడాదిన్నరలో మొదటిసారి ఆ ఫైలు తెరిచాను. రెండు వేల పైచిలుకు లైన్లు. అన్నిటికన్నా పైన, తెలుగులో:

రాసినవాళ్లు: స్నేహలత, ఫైసల్.

దాని పక్కన తేదీ. నిరుడు జనవరి పదిహేడు. మిషన్ ఇంకా ఒక్క మాట కూడా పలకని రోజు. మొదటి రోజే రాసుకున్నాడు, నా పేరు ముందు పెట్టి. ఈ ఫైలు నేను తెరుస్తానని అతనికి తెలియదు. నాకు చూపించడానికి రాసింది కాదు.

పంపాలంటే దాన్ని మార్చాలి. కామా తీశాను. ఫైసల్ అన్న మూడక్షరాలూ తీశాను. నడిపి చూశాను. బ్రహ్మాండంగా నడిచింది. పేరు తీసేస్తే ఆగిపోయేలా కట్టి ఉంటే బాగుండేది. ఎర్ర అక్షరాల్లో "తప్పు" అని వచ్చి ఉంటే బాగుండేది.

ఫారం గురించి నిజం ఇది. పేరుకు ఒకటే గడి, అది నిజమే. దాని కిందే ఇంకో ప్రశ్న ఉంది. "మీతో పాటు ఇంకెవరైనా పనిచేశారా?" అవును, కాదు. నేను "కాదు" నొక్కాను. వేలితోనే నొక్కాను.

ఆగస్టు 13, ఆదివారం

ఫైసల్ పేరు తిరిగి పెట్టి, దుకాణానికి వెళ్లాను. అతను ఒక కీబోర్డు బోర్లించి బ్రష్‌తో దులుపుతున్నాడు. నిలబడే చెప్పాను. మధ్యలో ఆపితే మళ్లీ మొదలుపెట్టలేనని గుక్కతిప్పుకోకుండా చెప్పాను. ఫారం, "కాదు", మందను లెక్కపెట్టేది అమ్మాయిల కోసమని చెప్పడం, "మా ఇంటిది" అనడం, నిన్న పేరు తీసేయడం, అన్నీ.

అతను దులపడం ఆపలేదు. ఒక్కో మీట ఊడదీసి వరసగా పేపర్ మీద పెట్టాడు.

"నీ బుక్కు మీద పేరు రాలేదని గా బస్టాండ్ల కూసోని ఏడిస్తివి. యాదికుందా?"

"ఉంది."

"అడిగుంటే నీ పేరే వెట్టుకో అంటుంటి. నాకు దుకాణం ఇడిచిపెట్టి మూడు నెలలు పోనీకి యాడయితది? అడగలే గదా."

"తప్పయింది ఫైసల్."

"సరే. పో. గిరాకీ ఉంది."

దుకాణంలో ఎవరూ లేరు.

ఇంటికొచ్చి బెంగళూరుకు ఉత్తరం రాశాను. జవాబు "అవును" అని మార్చమన్నాను. మందను చూసి అడిగింది ఫైసల్ అనీ, చెప్పింది మా అవ్వ బక్కమ్మ అనీ రాశాను. పంపేటప్పుడు మంచిపని చేస్తున్నట్టేమీ అనిపించలేదు. సిగ్గుగా ఉంది, అంతే.

ఆగస్టు 14

ఫోన్ రాలేదు.

ఆగస్టు 18

బెంగళూరు నుంచి జవాబు వచ్చింది. మర్యాదగానే రాశారు. ఈ అవకాశం ఒంటరిగా పనిచేసేవాళ్ల కోసం పెట్టిందట. కలిసి చేసినవాళ్లకు వచ్చే ఏడాది వేరే ఉందట, ఇద్దరూ కలిసి పెట్టుకోవచ్చట. ఈసారికి నా జాగా ఇంకొకరికి ఇచ్చారు.

ఏడ్చాను. మంచం మీద కాదు, దొడ్డిలో, పేడ ఎత్తుతూ. అవ్వ చూసి, ఇంకో తట్ట తెచ్చి పక్కన పెట్టింది.

ఆగస్టు 29

ఫైసల్ మాట్లాడక పదహారు రోజులు. "చూపు" కు కూడా ఇన్నే పట్టాయి.

సెప్టెంబర్ 10, ఆదివారం

సాయంత్రం బండి చప్పుడైంది. ఫైసల్. నన్ను చూసి తలూపి, నేరుగా అవ్వ దగ్గరికి పోయాడు. దొడ్డి గోడ మీద లాప్‌టాప్ పెట్టి, అవ్వకు చూపించసాగాడు. నేను చేటలో బియ్యం ఏరుతున్నట్టు దగ్గరికి జరిగాను.

"మళ్లీ" తెగింది. ఇక మీద ఏ రకంగా రాసినా మిషన్ వింటుంది. రాసి ముగించగానే, అన్నిటినీ ఒకే రూపంలోకి మార్చి చూపిస్తుంది.

"రాసేటోళ్లకు వాళ్లిష్టం, చదివేటోళ్లకు ఒకటే," అన్నాడు, నా వైపు చూడకుండా. "ఒక మేడం ఫికర్ తీరిపోవాలె గదా."

"ఏ రూపంలోకి మారుస్తది?" అన్నాను. ఉండబట్టలేదు.

"కింద ల. నీదే."

రెండు నెలల పంతం నెగ్గినట్టే కదా, గంతులు వేయాలి. ఏరిన బియ్యాన్నే మళ్లీ ఏరాను. ఇదంతా అతను ఈ నాలుగు వారాల్లోనే కూర్చుని రాశాడు, నాతో మాట్లాడని ఆ రోజుల్లోనే.

అతను చెంబు తీసుకుని కాళ్లు కడుక్కోవడానికి పోగానే ఫైలు పైకి జరిపాను. ముందు చూసింది అదే. అబద్ధం చెప్పడం ఎందుకు, నా పేరు ఉందా లేదా అని చూశాను.

రాసినవాళ్లు: బక్కమ్మ, ఫైసల్, స్నేహలత.

ఉంది. మూడోది. మొదట ఊపిరి తిరిగింది. ఆ వెంటనే, నిరుడు మొదటిదాన్ని కదా ఇప్పుడు మూడోదాన్నయ్యానేంటి అని మూతి ముడుచుకుపోయింది. అంత జరిగాక కూడా! నా బుద్ధి చూసి నాకే నవ్వొచ్చింది.

"ఏందే నవ్వుతున్నవ్?" అంది అవ్వ.

"ఇండ్ల నీ పేరు రాసిండు అవ్వా. అందరికన్న ముందు."

"నా పేరెందుకు? మరి నీదేడుంది?"

"చివర్ల."

"మంచిదే," అంది అవ్వ గంప కింద పెడుతూ. లోపల ఒక్క పిల్ల కూడా అరవడం లేదు. "చివరికి వచ్చినోళ్లే గదా తడికేసేది. పో, ఏసి రా."

ఫైసల్ కాళ్లు తుడుచుకుంటూ మా ఇద్దరినీ చూస్తున్నాడు. చేట పక్కన పెట్టి, వెళ్లి తడిక వేసి వచ్చాను.